పెరుగు ఘనమా, ద్రవమా?



చాలా ఏళ్ల క్రితం సామాన్యశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన ఒకనాడు, తెలుగు పండితుడనైన నేను ఏడో తరగతిలో ఆయన పాఠం చదివించవలసి వచ్చింది. ఘనపదార్థానికి నిర్దిష్టమైన ఆకారం ఉంటుంది, ద్రవానికి ఉండదు అన్న వాక్యం దగ్గర ఒక కుర్రవాడు లేచి, "మరి పెరుగు ఏదండీ?" అన్నాడు. వెటకారమనుకొని గద్దించి కూర్చోబెట్టాను. తరగతి ఘొల్లుమంది. ఆ నవ్వు నన్నిప్పుడు గుచ్చుతోంది.

ఎందుకో విన్నవిస్తాను. నీళ్లగ్లాసు బోర్లిస్తే నీరెందుకు పడుతుంది? బరువు వల్ల అన్నది సగం జవాబే. వాయుపీడనం పది మీటర్ల నీటిస్తంభాన్ని సైతం నిలపగలదు. కాని నీటి అంచున ఉన్న అతిసూక్ష్మమైన అల క్షణంలో పెరిగి, గాలి పైకీ నీరు కిందికీ చొచ్చుకుపోతాయి. తేలిక పదార్థం బరువైనదానిని త్వరణంతో నెట్టినా ఇదే జరుగుతుంది. దీనిని రేలీ 19వ శతాబ్దంలోను, టేలర్ 1950లోను వివరించారు. ఈ అస్థిరతకు వారి పేర్లే స్థిరపడ్డాయి.

గడ్డపెరుగు తీరు వేరు. చెంచాతో తీసిన గుంట అలాగే నిలుస్తుంది. కొంత ఒత్తిడి వరకు వంగి యథాస్థితికి వస్తుంది. హద్దు దాటితే రూపు చెడి జారుతుంది. లోహాల స్వభావమూ ఇదే, హద్దు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. కనుకనే 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు పెరుగునే త్వరణంతో నెట్టి చూశారు. 2019లో అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం వారు తిరిగే చక్రంపై మయొనైజ్‌తో ప్రయోగాలు ప్రకటించారు. అంచు మీది తొలి ముడత ఎంత చిన్నదైతే, దానిని చెదరగొట్టడానికి అంత ఎక్కువ త్వరణం కావాలని తేలింది. పదార్థపు బలమొక్కటే చాలదన్నమాట.

ఇది వంటింటి వినోదం కాదు. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజరు కాంతితో 3.15 మెగాజౌళ్ల సంలీనశక్తి పుట్టించారు. అక్కడ ఇంధనపు గుళికను నలిపేటప్పుడు కాచుకోవలసిన పెద్ద ప్రమాదాలలో ఈ అస్థిరత ఒకటి.

పాఠ్యపుస్తకంలోని మూడు గదులను తీసివేయమనను. వాటి నడుమ గడ్డపెరుగు గిన్నె ఒకటి పెట్టమంటాను. నిర్వచనం వల్లె వేయించడం కన్న, దానికి లొంగనిదానిని చూపించడమే చదువని నా అభిప్రాయం.

ఆ కుర్రవాడు మళ్లీ అడిగితే చెబుతాను: "ఎంత గట్టిగా కదిపావన్న దానిని బట్టి ఉంటుంది నాయనా. మంచి ప్రశ్న అడిగావు."