మర్యాద తెలియని కన్ను

సూరత్ నగరంలో మహీధర్‌పురా అనే పాత పేట ఉన్నది. అక్కడ వజ్రాల వ్యాపారంలో కొంతభాగం ఇప్పటికీ నడివీధిలోనే సాగుతుంది. అంగళ్ల మెట్లమీద, ఆపి ఉంచిన స్కూటర్లమీద కూర్చున్న వర్తకులు జేబుల్లోంచి మడతపెట్టిన కాగితపు పొట్లాలు తీస్తారు. విప్పి ఎదుటివాని ముందు ఉంచుతారు. అతడు చిన్న భూతద్దాన్ని కంటికి ఆనించి, పట్టకారుతో రాయిని ఎత్తి, వెలుతురుకేసి తిప్పి చూస్తాడు. అంతసేపూ ఆ రాయి తెచ్చిన మనిషి ముఖం చూడడు. కుశలప్రశ్నలు వేయడు. లోపల మచ్చ ఉంటే ఉన్నదంటాడు, లేకపోతే లేదంటాడు. దానికెవ్వరూ నొచ్చుకోరు. ఆ చూపుకోసమే కదా అందరూ అక్కడికి వచ్చింది! పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ రేవుమీదుగా వచ్చి, కృష్ణాతీరంలోని కొల్లూరు గనులదాకా ప్రయాణం చేసిననాడు కూడా ఆ వృత్తికి ఆ చూపే పెట్టుబడి.

బజారు సద్దుమణిగాక వర్తకుడు భూతద్దం మడిచి జేబులో వేసుకొంటాడు. ఇంటికి పోయి, కూరలో ఉప్పు తగ్గినా మాట్లాడకుండా భోంచేస్తాడు. చుట్టం కట్టుకొచ్చిన చవక చీరను చూసి బాగున్నదంటాడు. పగలు మచ్చ పట్టుకొన్న కన్నే రాత్రి మచ్చను చూడనట్టు నటిస్తుంది. లోకంలో మనుగడ అంటే అదే. కాని ఆ భూతద్దాన్ని మడవడం చేతకాని మనిషి ఒకడుంటే? విందుకు వచ్చిన బంధువుల ముఖాలమీద కూడా దాన్ని ఆనించి, ‘ఇక్కడ మచ్చ ఉన్నది’ అని చెప్పేవాడుంటే?

అటువంటి మనిషి నిజంగా ఎదురైతే తప్పుకొని పోతాం. బుల్లితెరమీద పోలీసు పరిశోధకుని వేషంలో కనిపిస్తే మాత్రం కుర్చీ ముందుకు లాక్కొని కూర్చుంటాం.

తెలుగు పాఠకులు మొదట ఎరిగిన పరిశోధకులు ఈ కోవలోని వారు కారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నడవడిక తెలిసిన పెద్దమనిషి. సహాయకుడు రాజు పక్కన ఉండగా ఆయన ఏ ఇంట అడుగుపెట్టినా ఆ ఇంటివారికి ఇబ్బంది కలిగేది కాదు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన ‘చంటబ్బాయ్’ చిత్రంలో చిరంజీవి ధరించిన పాండురంగారావు పాత్రకు తడబాటు పుష్కలంగా ఉన్నది గాని, అది నవ్వించడానికి. అంతకు ఒక సంవత్సరం ముందు, 1985లో, దూరదర్శన్ ‘కరమ్‌చంద్’ ధారావాహికను ప్రసారం చేసింది. పంకజ్ పరాశర్ దర్శకత్వంలో పంకజ్ కపూర్ నల్లకళ్లద్దాలు పెట్టుకొని, క్యారెట్టు కొరుకుతూ, సహాయకురాలు కిట్టీని మాటిమాటికీ కసురుతూ హత్యల గుట్టు విప్పాడు. తలుపు తెరిచినవారు ఏమనుకొంటారో అన్న చింత లేకుండా క్యారెట్టు నమిలే ఆ మనిషిని చూసి దేశమంతా ముచ్చటపడింది. అతడు ప్రైవేటు డిటెక్టివ్. ప్రభుత్వోద్యోగంలో ఉండి, పై అధికారులకు లోబడి, రోజూ పదిమందితో కలిసి పనిచేయవలసిన పోలీసుకు ఈ గుణమే ఉంటే కథ మరింత చిక్కబడుతుంది.

అమెరికా ప్రేక్షకులకు ఆ పోలీసు లెఫ్టినెంట్ కొలంబో. రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ అనే ఇద్దరు మిత్రులు సృష్టించిన ఈ పాత్ర 1960లోనే ఒక టెలివిజన్ నాటకంలో తొలిసారి కనిపించింది. 1968లో పీటర్ ఫాక్ ఆ వేషం ధరించిన తరువాత ఇంకెవరినీ అందులో ఊహించుకోలేకపోయారు. నలిగిన వానకోటు ఫాక్ సొంతానిదే. ఆ కోటు, చుట్ట, డొక్కు ప్యూజో కారు, అడక్కుండానే ఏకరువు పెట్టే భార్య ముచ్చట్లు, వీటితో లాస్ ఏంజలెస్‌లోని సంపన్నుల భవనాలలోకి అతడు అడుగుపెడతాడు. హత్య చేసినదెవరో ప్రేక్షకులకు మొదటే తెలుసు. హంతకుడు సాధారణంగా చదువుకొన్నవాడు, నాగరికుడు, మాట తీరు తెలిసినవాడు. తన ఖరీదైన తివాచీమీద చుట్ట బూడిద రాలుస్తున్న ఈ పోలీసును చూసి జాలిపడతాడు. కొలంబో సెలవు తీసుకొని గుమ్మందాకా వెళ్తాడు. మళ్లీ వెనుదిరిగి, ఒక్క చిన్న సందేహమంటాడు. ఆ సందేహమే ఉరితాడు.

ఈ వెనుదిరగడం వెనుక ఒక చిత్రమైన సంగతి ఉన్నది. రచయితలు ఒక సన్నివేశం టైపు చేయడం ముగించాక, కొలంబో అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని గమనించారట. పుటంతా తిరిగి కొట్టడానికి బద్ధకించి, గుమ్మం దాటిన మనిషినే వెనక్కి రప్పించారట. అయితే ఆ పాత్రకు మూలం అంతకంటె పాతది. దొస్తొయెవ్‌స్కీ 1866లో ప్రచురించిన ‘నేరము–శిక్ష’ నవలలోని పోర్ఫిరీ పెత్రోవిచ్ తమకు ఆదర్శమని ఆ రచయితలే చెప్పుకొన్నారు. పొంతనలేని మాటలతో, అనవసరపు క్షమాపణలతో, నవ్వులతో రస్కోల్నికోవ్‌ను వేధించే ఆ దర్యాప్తు అధికారిని చదివినవారికి కొలంబో వంశవృక్షం వెంటనే తెలిసిపోతుంది.

పోర్ఫిరీ అయినా, కొలంబో అయినా భూతద్దాన్ని కోటు కింద దాచుకొన్నవారు. వారి తడబాటులో సగం నటన. ఎదుటివాడు తమను తక్కువగా అంచనా వేయాలన్నదే వారి ఎత్తు. మడవడం రాని భూతద్దం చూడాలంటే ఉత్తర ఐరోపాకు పోవాలి.

స్వీడన్‌లోని మాల్మో నగరాన్ని, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ను కలుపుతూ 2000లో ఓరెసుండ్ వంతెన ప్రారంభమైంది. 2011లో ఆ వంతెన పేరుమీదనే ఒక ధారావాహిక మొదలైంది. ప్రధాన రచయిత హన్స్ రోసెన్‌ఫెల్ట్. సరిగ్గా సరిహద్దు గీతమీద ఒక శవం కనిపిస్తుంది. నడుముకు పైభాగం ఒక స్త్రీది, కిందిభాగం మరొక స్త్రీది. సగం స్వీడన్‌కు, సగం డెన్మార్క్‌కు చెందిన ఈ హత్యకు రెండు దేశాల పోలీసులూ రావలసివచ్చింది. స్వీడన్ తరఫున సాగా నోరెన్ వచ్చింది. ఆ పాత్రధారిణి సోఫియా హెలిన్. డెన్మార్క్ తరఫున మార్టిన్ రోడె వచ్చాడు. ఆ వేషం కిమ్ బోద్నియాది.

తొలి రాత్రే పాత్రల స్వభావం తేలిపోతుంది. గుండెజబ్బు మనిషిని తీసుకుపోతున్న అంబులెన్సు వంతెనమీదికి వస్తుంది. ఆధారాలు చెదిరిపోతాయి గనుక దారి ఇవ్వనంటుంది సాగా. మార్టిన్ జాలిపడి వదిలిపెడతాడు. ఆమె అతనిమీద పై అధికారికి ఫిర్యాదు చేస్తుంది. ఆమెకు కోపం లేదు, కక్ష లేదు. నిబంధన ఉన్నది, అతడు దాన్ని దాటాడు, అంతే. అందరి ఎదుటా ఆఫీసులోనే చొక్కా మార్చుకొంటుంది. హాస్యమాడితే అర్థం కాదు. బిడ్డను పోగొట్టుకొన్నవారిని ఓదార్చడానికి మాట దొరకదు. మనుషులతో మసలడమెలాగో పుస్తకాలు చదివి నేర్చుకొనేందుకు ప్రయత్నిస్తుంది. కాగితాల కట్టలో మాత్రం నలుగురూ నాలుగుసార్లు చూసి వదిలేసిన వాక్యం ఆమె కంటికి ముల్లులా తగులుతుంది.

ఈ రెండు గుణాలనూ వేరుచేసి, ‘అంత తెలివి ఉన్నది, పాపం ఈ ఒక్క లోపమే లేకపోతే!’ అనడం వాడుక. కాని అవి రెండు గుణాలు కావు. తెలుగులో ‘లౌక్యం’ అనే చక్కని మాట ఉన్నది. లోకం తెలిసి ఉండడమని దాని అర్థం. ఆచరణలో మాత్రం, తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచడమని. ఎదుటివాని గొంతు వణికితే విననట్టుండడం, చెప్పినదానికీ చేసినదానికీ పొంతన లేకపోతే పట్టించుకోకపోవడం, పెద్దవారి మాటలో తప్పు దొర్లితే మింగి ఊరుకోవడం – మర్యాద అనేది చాలావరకు చూడకుండా ఉండడానికి మనుషులు చేసుకొన్న ఒప్పందం. నేరస్థుడు దాక్కొనేది ఆ ఒప్పందం చాటునే. పెద్దమనిషి గదా, ఎలా అడుగుతాం అనుకొనేవారు ఉన్నంతకాలం అతనికి భయం లేదు. ఆ ఒప్పందంమీద సంతకం చేయనివారు మాత్రమే అతణ్ణి పట్టుకోగలరు. యథార్థవాది లోకవిరోధి అన్నారు పెద్దలు. ఆ లోకవిరోధానికి పోలీసు ఉద్యోగమిస్తే దాని పేరు ప్రతిభ.

అయితే ఈ ప్రతిభకు దగ్గరగా బతకడం సులభం కాదు. మొదటి భాగం చివర, అదే వంతెనమీద, తన కుమారుణ్ణి అపహరించిన హంతకునికి మార్టిన్ తుపాకి గురిపెట్టి నిలబడతాడు. కుమారుడు బతికి ఉన్నాడా అని సాగాను అడుగుతాడు. ఆ పిల్లవాడు చనిపోయాడని ఆమెకు తెలుసు. జీవితంలో మొదటిసారి, ఒక మనిషిమీది ప్రేమతో, ఆమె అబద్ధమాడబోతుంది. బతికే ఉన్నాడంటుంది. ఆమెకు అబద్ధం చేతకాదని మార్టిన్‌కు తెలుసు. ముఖం చూడగానే నిజం గ్రహిస్తాడు. అతడు హంతకుడు కాకుండా ఆపడానికి ఆమె అతని కాలిమీద కాలుస్తుంది.

రెండవ భాగం చివర ఆ హంతకుడు జైలులో విషప్రయోగంవల్ల చనిపోతాడు. ఆ పని చేసినది మార్టినే అని ఊహించగలిగినది సాగా ఒక్కతే. లోకంలో ఆమెకున్న ఏకైక మిత్రుడతడు. ఆమె కళ్లు మూసుకొని ఉంటే సరిపోయేది. మూసుకోలేదు. తొలి రాత్రి అంబులెన్సు విషయంలో చేసినట్టే ఈసారీ ఫిర్యాదు చేసింది. పోలీసులు మార్టిన్‌ను తీసుకుపోతుంటే చూస్తూ నిలబడింది. ఆమె చేసినది ధర్మమా, ద్రోహమా అన్న వాదం ఆ సన్నివేశం చూసిన ఇళ్లలో అంత తేలికగా తెగేది కాదు.

సాగా స్థితికి ధారావాహికలో ఎక్కడా వైద్యనామం పెట్టలేదు. ప్రేక్షకులు మాత్రం ఆటిజం లక్షణాలను ఆమెలో పోల్చుకొన్నారు. ఆ ఇతివృత్తాన్ని 2013లో అమెరికా–మెక్సికో సరిహద్దుకు, బ్రిటన్–ఫ్రాన్సుల నడుమనున్న సొరంగానికి, 2018లో సింగపూర్–మలేసియాలకు మార్చి తిరిగి తీశారు. ఇన్ని దేశాలలో ఇంత ఆదరణ లభించినందుకు సంతోషించవలసిందే. కాని ఆ ఆదరణలో ఒక షరతు దాగి ఉన్నది. హత్యలు ఛేదిస్తున్నది గనుక ఆమె మొరటుతనాన్ని సహిస్తున్నాం. ఛేదించలేకపోతే?

ప్రతి కార్యాలయంలోనూ ఇటువంటి మనిషి ఒకరు ఉంటారు. లెక్కలో పొరపాటును అందరి ఎదుటా అధికారికి చూపించే గుమాస్తా; పెళ్లి పందిట్లో పలకరింపులకు బెదిరి స్తంభం పక్కన నిలబడే మేనల్లుడు; పాఠం మధ్యలో లేచి, నిన్న మీరు మరొకటి చెప్పారనే విద్యార్థిని. వీరిలో చాలామంది మేధావులు కారు. సూరత్ వర్తకునికున్న చూపూ లేదు, సాగాకున్న జ్ఞాపకశక్తీ లేదు. లౌక్యం మాత్రం లేదు. తెరమీది పరిశోధకునికి చేతులు తట్టినవారే వీరికి ‘లోకజ్ఞానం లేదు’ అని పేరు పెడతారు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 స్థితులలో ఆటిజం కూడా ఒకటి. హక్కు పొందడానికి ముందుగా అద్భుతమేదైనా చేసి చూపాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆ షరతు మన మనసుల్లోనే ఉన్నది.

సాగా కథ రాసినవారు ఈ సంగతి ఎరుగుదురు కాబోలు. నాలుగు భాగాలుగా, 38 కథాంశాలుగా సాగిన ఆ ధారావాహిక 2018లో ముగిసింది. అంతకాలమూ ఎప్పుడు ఫోను మోగినా ఆమె ఒకే తీరున పలికేది: తన పేరు, తన పోలీసు విభాగం పేరు, ఊరి పేరు. ఒక ముద్ర వేసినట్టుండేది ఆ పలుకు. చివరి సన్నివేశంలో ఆమె తన కారులో ఓరెసుండ్ వంతెనమీదికి వచ్చి ఆగుతుంది. జేబులోని పోలీసు బిళ్లను తీసి సముద్రంలోకి విసిరేస్తుంది. తిరిగి కారెక్కి బయలుదేరుతుంది.

ఫోను మోగుతుంది. ఈసారి ఆమె రెండే మాటలు పలుకుతుంది: సాగా నోరెన్.