టిక్కు కొడితే బ్రేకు పడదు

పొద్దున్నే పైడిభీమవరం వైపు కంపెనీ బస్సులు, ఆటోలు పోతుంటాయి. మన పేటల కుర్రాళ్ళు క్యారేజీ పట్టుకుని ఎక్కుతారు. నాగావళి పక్కనే పారుతున్నా సెంటు పల్లం మనది కాదు. అందుకే కంపెనీ దారి. అక్కడ దొరికేది కాంట్రాక్టు కూలి. బరువెత్తే ఫోర్కులిఫ్టు బండి తిరిగేది వాళ్ళ పక్కనుంచే.

నా దగ్గర చదివిన కుర్రాడొకడు కిందటేడు ఒక గోడౌన్లో ఆ బండి కింద కాలు నలగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రికి వెళ్ళి పలకరిస్తే, "బ్రేకు నిలవట్లేదని మూడ్రోజులనుంచీ సెప్తన్నాం మేస్టారూ, ఇన్లేదు. కాయితం మీద మాత్రం రోజూ బాగుందనే రాసీవోరు" అన్నాడు. వారానికి సరిపడా టిక్కులు సోమవారమే పడిపోయాయట. కాలు పోయిన మర్నాటికి కూడా బ్రేకు 'బాగుంది'! పాఠం చెప్పకుండా హాజరు వేసే పంతులికీ ఇతగాడికీ తేడా ఏముంది?

అసలు తనిఖీ ఎంత పని? షిఫ్టు మొదలవకముందు పది నిమిషాలు. ఫోర్కులకు బీటలున్నాయా, గొలుసు వదులైందా, నూనె కారుతోందా, టైర్లు, బ్రేకు, స్టీరింగు, హారను సరిగా ఉన్నాయా, ఎంత బరువెత్తాలో చెప్పే రేకు చెరగకుండా ఉందా చూడాలి. ఏది చెడినా తాళం తీసి బండిని పక్కన పెట్టాలి. ఉత్త ఫోర్కుల మీద మనిషిని ఎక్కించకూడదు. ఇంతే.

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేను కూలి 11 మంది చనిపోయారు. ఆ క్రేనును పరీక్షిస్తుండగానే అది కూలింది. చనిపోయినవాళ్ళలో ఏడుగురు కాంట్రాక్టు సంస్థల మనుషులు. పరీక్షంటే ప్రమాదం ఉండొచ్చని ఒప్పుకోవడమే కదా! ఆ దరిదాపుల్లో ఎవరుండాలో, ఎవరుండకూడదో ముందే తేల్చుకోవద్దా?

బరువులెత్తే యంత్రాలను ఏడాదికొకసారైనా అర్హుడైన మనిషి పూర్తిగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రతా కోడ్ వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఇప్పుడు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. తనిఖీ చేసేవాడే సాయం చేసేవాడూనట. ఎవరికి సాయమో మనమే కనిపెట్టి ఉండాలి. అయితే ఆ కోడ్‌లోనే మనకు పనికొచ్చేవి మూడున్నాయి. నియామక పత్రం ఇవ్వాలి. భద్రత సంగతులు అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టరుకీ ఒకేసారి తెలపవచ్చు.

"అడిగితే రేపట్నుంచి రావద్దంటారు బాబూ" అంటారు. నిజమే, ఒక్కడు అడిగితే అంటారు. అందుకే ఒక్కడిని అడగనివ్వొద్దు. పదిమంది సంతకాలతో అర్జీ రాయండి, నకలు దాచండి. నియామక పత్రం లేకపోతే ప్రమాదం జరిగిన రోజున 'వీడు మా మనిషే కాడు' అంటారు. ఆ తర్వాత ఊరి పెద్దల రాజీ, చేతిలో నాలుగు నోట్లు. అంతటితో సరి.

మురుగుగుంటలోకి దిగేదీ మనమే, బస్తాల కింద నడుం విరిగేదీ మనమే. యంత్రం వచ్చినా దాని కింద నిలబడే చోటు మనకే మిగిల్చారు. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ వారసులం మనం. ఫ్యాక్టరీ గేటు బయటే మన ఉద్యమం ఆగిపోకూడదు.

ఈ సంచిక అందిన వారంలో ప్రతి పేటలో కంపెనీకి పోయేవాళ్ళను కూర్చోబెట్టండి. ఒక్క ప్రశ్న అడగండి: "మీ బండిని ఈరోజు ఎవరు చూశారు?" జవాబు లేనిచోట అర్జీ మొదలుపెడదాం.

జై భీమ్!