ఖుక్రీని తలుచుకుంటూ

డిసెంబరు నాలుగున నౌకాదళ దినోత్సవం జరుపుకుంటాం. 1971లో కరాచీ మీద దాడిని ఆ రోజు అందరూ గుర్తు చేసుకుంటారు. ఆ తర్వాత అయిదు రోజులకే మునిగిపోయిన ఐఎన్ఎస్ ఖుక్రీ మాత్రం ఎందరికి గుర్తుంది? ఈ సంచికను ఫ్రిగేట్లకు కేటాయించడానికి కారణం అదే.

ఖుక్రీ జలాంతర్గాముల వేటకు కట్టిన ఫ్రిగేట్. డిసెంబరు 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో దాన్ని దెబ్బతీసింది. ఓడ నిమిషాల్లో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు తిరిగి రాలేదు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికిచ్చి, తాను ఓడతోనే ఉండిపోయారు.

ఓడల చరిత్రంటే టన్నులూ తుపాకులే అనుకుంటాం. మేం మాత్రం ఈ రచనలన్నిటా మనుషుల కోసమే వెతికాం: ఇంజను గదిలో చెమటోడ్చినవాళ్లు, సోనార్ ముందు చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లు.

ఖుక్రీ పేరుతోనే తర్వాత వచ్చిన క్షిపణి కార్వెట్ 32 ఏళ్లు సేవ చేసి 2021 డిసెంబరులో మన విశాఖలోనే వీడ్కోలు తీసుకుంది. మీ ఇంట్లో నౌకాదళంలో పనిచేసినవాళ్లుంటే, వాళ్ల జ్ఞాపకాలు రాయించి మాకు పంపండి.