బావి లోతు ఎవరు కొలవాలి?

వయోజన విద్య అనగానే మనకు లాంతరు, పలక, సంతకం దిద్దే ముసలవ్వ గుర్తుకొస్తారు. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అక్షరంతో పాటు చైతన్యమూ కావాలన్నది. కాని సంతకం వచ్చినంత మాత్రాన రైతు తన పొలం సంగతి తానే తేల్చుకోగలడా?

తేల్చుకున్న రైతులున్నారు. 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం మొదలైన ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో ఒక పథకం మొదలైంది. రోజూ వాన కొలిచేది రైతే. పదిహేను రోజులకోసారి బోరులో నీటిమట్టం చూసేది రైతే. డ్రమ్ము నిండటానికి ఎంతసేపు పట్టిందో చూసి పంపు పోసే నీళ్ళు లెక్కగట్టేదీ రైతే! ఆ లెక్కలు ఊళ్ళో బోర్డు మీద అందరికీ కనబడేవి. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని పద్దు రాసుకునేవారు. వరి వెయ్యొద్దని ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు. పద్దు చూసుకొని చాలాచోట్ల రైతులే వరి తగ్గించి, తక్కువ నీటి పంటలకు మళ్ళారు.

దీన్నే భాగస్వామ్య పరిశోధన అంటారు. పేరు పెద్దదే గాని, విషయం మా బాపుకు కూడా అర్థమయ్యేదే: ఎవరి బతుకు మీద పరిశోధనో, ప్రశ్న వేసేదీ జవాబు తేల్చేదీ వాళ్ళే.

మా బాల్కొండ వైపు పోచంపాడు దగ్గరే ఉన్నా, కాలువ ఎక్కని పొలాలకు బోరే దిక్కు. ఒకటి ఎండితే అప్పు తెచ్చి ఇంకోటి. సర్వే చేసేవాళ్ళు వస్తారు, ఎన్ని బోర్లు, ఎన్ని ఎకరాలు అని ఫారం నింపుకొని పోతారు. ఆ కాగితాలు ఏమైనయో ఊళ్ళో ఒక్కరికీ తెల్వదు.

‘చదువురానివాడు కొలిస్తే అది శాస్త్రమా?’ అని మా లెక్చరర్లు అడగవచ్చు. రైతు చెప్పిందల్లా వేదమని నేనూ అనను. పసుపులో దుంపకుళ్ళు తెచ్చే శిలీంధ్రం మైక్రోస్కోపు లేనిదే కనబడదు. కాని చేనులో నీళ్ళు నిలిచే మూల ఏదో, కుళ్ళు ముందుగా ఎక్కడ మొదలైతదో రైతుకే ఎరుక. ఆ రెండూ ఒక్కచోట కూడకపోతే మన ప్రాక్టికల్ రికార్డులు అటక మీదికే!

అందుకే మిత్రులారా, ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి అచ్చు వేసిన ఫారాలు వద్దని నా మనవి. ఒక టేపు, వాన కొలిచే డబ్బా, గోడమీద రాయటానికి రంగు తీసుకుపోదాం. ఏం కొలవాలో ఊరివాళ్ళనే అడుగుదాం, ముఖ్యంగా ఆడవాళ్ళను. వాళ్ళు బోరు సంగతి పక్కనబెట్టి, బీడీల ఆకు ఎంత తూకం ఇస్తున్నరు, కట్టలు ఎన్ని తీసిపారేస్తున్నరు అది లెక్కగట్టమంటే? అదే లెక్కగడదాం.