మంగళూరు విమాన దుర్ఘటన: కారణాలపై పరిశీలన

2010 మే 22వ తేదీ ఉదయం దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగుతూ, రన్‌వే దాటి లోయలో పడిన దుర్ఘటనలో 158 మంది దుర్మరణం పాలయ్యారు. ఎనిమిది మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు.

కొండపై నిర్మించిన రన్‌వేయే ఇందుకు కారణమన్న అభిప్రాయం అప్పట్లో వ్యక్తమైంది. అయితే ఆనాడు వాతావరణం అనుకూలంగానే ఉన్నది. విమానం ఉండవలసిన దానికంటె అధిక ఎత్తులో రన్‌వేను సమీపించి, సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగుల మేర దాటిన తరువాతనే నేలను తాకిందని ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే నేతృత్వంలోని విచారణ సంఘం నిర్ధారించింది. ల్యాండింగ్ విరమించవలసిందిగా సహ పైలట్ మూడుసార్లు సూచించినప్పటికీ కెప్టెన్ పాటించలేదు. ప్రయాణంలో చాలాసేపు నిద్రించిన ఆయన ఆ మత్తు నుంచి పూర్తిగా తేరుకోకపోవడం కూడ నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండవచ్చునని సంఘం అభిప్రాయపడింది. నేలను తాకిన తరువాత మళ్లీ పైకి లేపేందుకు చేసిన ప్రయత్నం ఫలించలేదు.

2020 ఆగస్టు 7న 21 మందిని బలిగొన్న కోజికోడ్ ప్రమాదంలోనూ విమానం వర్షంలో, వెనుకగాలితో రన్‌వేపై చాలా ముందుకు వెళ్లి దిగింది. అక్కడ కూడ ల్యాండింగ్ విరమించలేదు.

ల్యాండింగ్ విరమించి తిరిగి పైకి లేవడం వైఫల్యం కాదు, విధి నిర్వహణలో భాగమే. సహ పైలట్ హెచ్చరికకు విలువ లభించినప్పుడే ఇట్టి ప్రమాదాల నివారణ సాధ్యమవుతుంది. విచారణ ముగియకముందే ఏదో ఒక్క కారణాన్ని ఎత్తిచూపడం సమంజసం కాదని కూడ ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.