పక్కింటి నాలుగు మొక్కలు, మా పెరటి గోంగూర

2024 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి కెనడా వెళ్ళాం. టొరంటో పక్కన మిస్సిసాగా. వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, కుదురుగా కూర్చోలేను కదా! మే నెలాఖరుకి చలి వదలగానే పెరట్లో రెండు మళ్ళు తవ్వి అక్కడి ఇండియన్ స్టోర్లో కొన్న గోంగూర విత్తనాలు చల్లాను. జులై వచ్చేసరికి మొక్కలు నడుము ఎత్తుకి లేచాయి.

ఒకరోజు పొద్దున్నే నీళ్ళు పెడుతుంటే పక్కింటి పెద్దాయన కంచె మీద నుంచి తొంగి చూశాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్. మనిషి సరదా మనిషి. నా మళ్ళకేసి వేలు చూపించి, ‘‘నాలుగుకి మించి ఉన్నాయే! ఎవరైనా వచ్చి లెక్కపెడితే ఏం చేస్తారు?’’ అన్నాడు.

నాకు అర్థం కాలేదు. గోంగూరకి లెక్కేమిటి? లోపలి నుంచి మా అమ్మాయి నవ్వుకుంటూ వచ్చింది. ‘‘నాన్నా, ఆయన అది గంజాయి అనుకుంటున్నాడు!’’

ఆయన పొరపాటు పడటంలో తప్పేమీ లేదు లెండి. గోగు మొక్కకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే హైబిస్కస్ కెనాబినస్. అంటే ‘గంజాయిని పోలిన మందార జాతి’ అని. పైన వచ్చే ఆకులు వేళ్ళు చాచిన చేయిలా చీలి ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎవరైనా బోల్తా పడతారు. దగ్గరికొస్తే తేడా తెలుస్తుంది. గోంగూరది ఒకే ఆకు, అంచు దగ్గర చీలుతుంది. గంజాయిలో ప్రతి వేలూ ఒక విడి ఆకు, అంచులు రంపంలా ఉంటాయి. గోగుపువ్వు బెండ పువ్వులా లేత పసుపు, మధ్యలో ముదురు రంగు. అన్నిటికన్నా సులువైన పరీక్ష నోటితోనే. ఒక ఆకు తుంచి ఆయన చేతిలో పెట్టాను. నమిలాడు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది. ఆ రోజు నుంచి స్నేహితులమయ్యాం.

ఆ మర్నాడు నన్ను తన పెరట్లోకి పిలిచాడు. ఎండ బాగా తగిలే మూల నాలుగు పెద్ద గుడ్డ కుండీలు, వాటిలో నాలుగు గంజాయి మొక్కలు. దొంగచాటు వ్యవహారం కాదు. 2018 అక్టోబరు 17 నుంచి కెనడాలో గంజాయి చట్టబద్ధం. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. గమనించండి, మనిషికి నాలుగు కాదు, ఇంటికి నాలుగు. ఇంట్లో ఆరుగురు పెద్దవాళ్ళున్నా నాలుగే. ఒంటారియోలో 19 ఏళ్ళు నిండాలి. క్విబెక్ రాష్ట్రం మాత్రం ఇళ్ళలో పెంచడానికి వీల్లేదంది. ఆ నిషేధం చెల్లుతుందని కెనడా సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. ఒకే దేశం, ఒక రాష్ట్రంలో తోటపని, పక్క రాష్ట్రంలో నేరం!

ఉద్యోగంలో ఉండగా ఈ మొక్కని పీకించడం చూశానే గానీ పెంచడం చూడలేదు. అందుకని రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఆయనకి అది టమాటా మొక్కతో సమానం. వేలు మట్టిలో గుచ్చి పైన పొడిగా ఉంటేనే నీళ్ళు పోసేవాడు. కుండీని కొంచెం ఎత్తి బరువు చూసేవాడు. మొదటి ఏడాది ప్రేమకొద్దీ రోజూ పోసి వేర్లు కుళ్ళబెట్టానని తనే చెప్పాడు. మన మిద్దెల మీద కుండీల్లో మిరప మొక్కలు చచ్చిపోయేదీ చాలావరకు ఇందుకే. నీళ్ళు తక్కువై కాదు, ఎక్కువై.

ఎరువు సంగతీ అంతే. ఎదిగే రోజుల్లో నత్రజని, పూత మొదలయ్యాక అది తగ్గించి భాస్వరం, పొటాష్. ఇది ఏ రైతుకైనా తెలిసిన లెక్కే. ఒకసారి సీసా మీద రాసినదానికన్నా ఎక్కువ వేశాడు, ఆకుల కొసలు మాడిపోయాయి. ‘‘ఆకలి లేనివాడికి అన్నం పెడితే ఇంతే’’ అన్నాను. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది, పెద్దాయన పడిపడి నవ్వాడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది పగటి లెక్క. అక్కడ జూన్‌లో పగలు పదిహేను గంటల పైమాటే. రాత్రి పొడుగయ్యేదాకా ఆ మొక్క పూతకి రాదు. ఆగస్టులో పగలు తగ్గుతుంటే అప్పుడు పూమొగ్గ కనిపిస్తుంది. మా గోంగూరదీ అదే గుణం. ఎండాకాలమంతా ఆకు మీద ఆకు వేసింది, పువ్వు మాత్రం ఆలస్యంగా పెట్టింది. గింజ కట్టేలోపు మంచు పడుతుంది. అందుకే అక్కడ మనవాళ్ళు ఏటా విత్తనాలు కొనుక్కోవాల్సిందే.

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ మొక్క కనిపిస్తే పీకేస్తారు. పుప్పొడి పడితే ఆడ మొక్క శక్తంతా గింజల్లోకి పోతుంది. గంజాయి అంటే ఆడ మొక్క ఎండిన పూకొసలే. వాటి మీద ఉండే జిగురులోనే మత్తంతా. సెప్టెంబరు వచ్చేసరికి ఆ నాలుగు మొక్కల ఘాటు వాసన మా వంటింటిదాకా కొట్టేది. మా ఆవిడ కిటికీలు మూయించేసింది. కోత అక్టోబరు మొదటివారం. అంతకు ముందే నాలుగు రోజులు ఆగని వాన. ఒక మొక్క పూతకి లోపల నుంచి బూజు పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మాట్లాడకుండా మొత్తం చెత్తలో వేశాడు. మిగిలిన మూడూ కోసి, చీకటి గదిలో తలకిందులుగా కట్టి ఆరబెట్టాడు. పంట పోయిన రైతు మొహం ఏ దేశంలోనైనా ఒకటే.

ఆ మొహం చూసినప్పుడే నాకు పాడేరు గుర్తొచ్చింది.

1992లో నాకు ఏజెన్సీలో పోస్టింగు. ఒకరోజు కొండవాలు మీద ఒక గిరిజన రైతు కంది చేను చూడ్డానికి వెళ్ళాను. చేను మధ్యకి వెళితే కంది మొక్కల నడుమ వేరే ఆకు కనిపించింది. ‘‘ఇదేంటి?’’ అన్నాను. అతను దాచలేదు. ‘‘రాజ్‌మా మోసుకుని సంతకెళ్తే షావుకారు చెప్పిందే ధర సార్. ఇదయితే వాళ్ళే వచ్చి పట్టుకుపోతారు. ముందే డబ్బులిస్తారు’’ అన్నాడు. ఆ ముందిచ్చిన డబ్బులతో అప్పటికే పెద్ద కూతురి పెళ్ళి చేసేశాడు.

చట్టం నాకు తెలుసు. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం. గంజాయి మొక్క పెంచితే, ఇప్పటి లెక్క ప్రకారం పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇన్ని మొక్కలలోపు ఫర్వాలేదన్న మాట అందులో లేదు, పెరట్లో ఒక్కటున్నా నేరమే. అదే చట్టంలో 46వ సెక్షన్ ప్రకారం తన భూమిలో ఎవరైనా వేసినట్టు తెలిస్తే ఆ భూమి ఉన్నాయన చెప్పాలి. 47వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి, సర్పంచి కూడా తమకి తెలిసిన వెంటనే చెప్పాలి. అంటే నేను చెప్పాలి.

నేను చెప్పలేదు. ‘‘పీకెయ్ నాయనా, చాలా ప్రమాదం’’ అని మందలించి, జీపెక్కి వచ్చేశాను. జాలి పడ్డానని అప్పుడు అనుకున్నాను. మరుసటి ఏడాది అతని కొడుకు, ఇరవై ఏళ్ళవాడు, మూటతో ఘాట్ రోడ్డులో దొరికాడు. మూట ఎవరిదో ఆ వ్యాపారి మాత్రం దొరకలేదు. కుర్రాడు కొన్నేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆ సంగతి తెలిసేటప్పటికి నాకు బదిలీ అయిపోయింది. కబురు చెప్పి ఉంటే తండ్రి వెళ్ళేవాడు. చెప్పనందుకు కొడుకు వెళ్ళాడు. పీకెయ్యమన్నానే గానీ, పీకేశాక ఏం వెయ్యాలో, దాన్ని ఎవరు కొంటారో చెప్పలేదు. నా ఉద్యోగం అదే కదా, ఆ ఒక్కటీ చెయ్యలేదు.

అక్టోబరు చివర మేం బయల్దేరే ముందు పెద్దాయన ఒక చిన్న గాజుసీసా తెచ్చాడు. నా మోకాలి నొప్పి ఆయనకి తెలుసు. రాసుకునే నూనె, తన మొక్కలతోనే చేశాడట. ‘‘కొంచెం రాసి చూడండి, విమానంలో పట్టుకెళ్ళండి’’ అన్నాడు. ప్రేమగా ఇచ్చింది కాదనడం కష్టమే. అల్లుడు పక్కకి పిలిచి, ‘‘మామయ్యగారూ, ఇక్కడ ఆయన ఇంట్లో ఉన్నంతవరకే అది మందు. విమానం ఎక్కితే కేసు’’ అన్నాడు.

మన పిల్లలు విదేశాల్లో ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ ఇది గుర్తు పెట్టుకోవాలి. కెనడా నుంచి గంజాయి గానీ, దానితో చేసిన నూనె, చాక్లెట్, బిస్కట్ గానీ బయటికి తీసుకెళ్ళినా, బయట నుంచి లోపలికి తెచ్చినా నేరమే. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నా అక్కడి కేంద్ర చట్టం వేరు. రాష్ట్రం ఒప్పుకున్న చోట వాడినా సరే, పౌరసత్వం దరఖాస్తుకి అది అడ్డు రావచ్చని అక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పారు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఇక మన దేశంలో దిగాక చెప్పేదేముంది? కిలోలోపు దొరికితే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే పదేళ్ళకి తగ్గదు, బెయిలు కూడా అంత తేలిక కాదు. ‘అక్కడ కొన్న బిల్లు ఉంది’ అంటే ఎవరూ వినరు.

సీసా తిరిగి ఇచ్చేశాను. పెద్దాయన నొచ్చుకోలేదు. బదులుగా ఆయన ఒక బుట్టెడు టమాటాలిచ్చాడు. మా ఆవిడ ఆయనకి సీసాడు గోంగూర పచ్చడి ఇచ్చింది.

విశాఖ వచ్చాక మనసు ఊరుకోలేదు. 2025 జనవరిలో బస్సెక్కి పాడేరు వెళ్ళాను. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. ఆ రైతు పోయి చాలాకాలమైందన్నారు. కొడుకు ఉన్నాడు. యాభై దాటాడు, జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. ఇంటి వెనక రెండెకరాల కాఫీ. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు. ఆ రోజు తెచ్చిన పండు గుత్తులు గుత్తులుగా ఎర్రగా గోనె మీద పోసి ఉంది.

2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ అని పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించినప్పటి సంగతులు చెప్పాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు కదా, ఆ వార్త ఇక్కడ అందరూ ఫోన్లలో చూశారట. ‘‘నరికితే సరిపోదు సార్. పక్క ఊళ్ళో నరికిన చోట కాఫీ మొక్కలు వేసినవాళ్ళు నిలబడ్డారు. ఏమీ వెయ్యనివాళ్ళ దగ్గరికి మళ్ళీ ఆ బండి వచ్చింది’’ అన్నాడు. కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్ళు ఇంట్లో పొయ్యి వెలగాలి. నేను 1992లో ఆలోచించాల్సింది అదే.

ఆయన భార్య స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చింది. తాగుతుంటే అడిగాడు, ‘‘సార్, మీరెళ్ళిన దేశంలో ఇంట్లోనే పెంచుకోవచ్చంట గదా?’’

అవునన్నాను. ‘‘ఎన్ని?’’

‘‘నాలుగు.’’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. గోనె మీది పండుని చేత్తో సర్దుతూ, ‘‘మా నాన్న కంది చేలో వేసినవి నలభై సార్. నేనే లెక్కపెట్టాను’’ అన్నాడు. తర్వాత లేచి, రేపు వాన పడేలా ఉందని ఆకాశంకేసి చూసి, గోనె చివర్లు పట్టుకోమన్నాడు. ఇద్దరం కలిసి పండుని పాకలోకి మోశాం.