స్టేజీ ఎక్కితే రేంజ్ తగ్గుతుందట!

ముందే చెప్పేస్తున్నాను. ఇది ఏ హీరోకీ వ్యతిరేకం కాదు, ఏ హీరోకీ భజన కూడా కాదు. చదివాక నన్ను తిట్టుకునేవాళ్ళు రెండు వైపులా సమానంగా ఉంటారని నమ్మకం :)

విషయం ఏంటంటే, మా ఆఫీసులో (హైటెక్ సిటీలోనే, పేరెందుకు లెండి) లంచ్ బల్ల దగ్గర నలుగురు కరడుగట్టిన బాలయ్య అభిమానులున్నారు. బిల్డ్ పాసైనా "జై బాలయ్య", ఫెయిలైనా "జై బాలయ్య". ఈ మధ్య ఎవరో ఊరికే ఒక మాటన్నారు. "శ్రీకృష్ణార్జున విజయం చేశాడు, పాండురంగడు చేశాడు, శ్రీరామరాజ్యం చేశాడు. స్టేజీ దొరికితే శ్లోకం వదలడు. ఒక్కసారి శిల్పకళావేదికలో శ్రీకృష్ణ రాయబారం పద్యనాటకం వేస్తే ఎలా ఉంటుంది?" అని. ఎవరూ వేస్తానని అనలేదు, ఎవరూ వేయమని అడగలేదు. ఉత్త ఊహ. దానికే నలుగురూ రెండుగా చీలిపోయి వారం రోజులు కొట్టుకున్నారు. మిగతా హీరోల ఫాన్స్ కూడా దూరారు. "మా తారక్ వేస్తే ఇంకా బావుంటుంది, కూచిపూడి నేర్చుకున్నాడు" అని ఒకడు, "మావాడికి ఈ గోలెందుకు" అని ఇంకొకడు.

ఆ వారంలో విన్న వాదనలన్నిటికీ ఇక్కడ సమాధానం చెప్పాలనుకుంటున్నాను. నా పక్షం ఏంటో దాచను: వెయ్యాలి. బాలయ్యే కానక్కర్లేదు, ఎవరైనా సరే. కానీ మనవాళ్ళు ఊహించుకునే పద్ధతిలో మాత్రం కాదు.

"మా హీరో రేంజేంటి, నాటకమేంటి?"

ఇది మొదటి వాదన, అన్నిటికంటే బలహీనమైనది కూడా. తెలుగు సినిమా పుట్టిందే నాటకం ఇంట్లో అద్దెకి. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన సురభి కమలాబాయి పేరులోనే ఉంది ఆవిడ ఎక్కడినుంచి వచ్చిందో. అక్కినేని ఆడవేషాలు వేసి పేరు తెచ్చుకుని సినిమాల్లోకి వచ్చారు. ఎన్టీఆర్ కాలేజీ రోజుల్లో విశ్వనాథ సత్యనారాయణ గారు వేయించిన నాటకంలో మీసం తీయనని భీష్మించుకుని, మీసాలతోనే ఆడవేషం వేసి "మీసాల నాగమ్మ" అనిపించుకున్నారు. ఆ ఇంటి అభిమానులే "నాటకమా, ఛీ" అంటుంటే ఏమనాలి?

పాత కథలొద్దంటారా, సరే. ఇంకో రాష్ట్రానికి వెళ్దాం. 2000లో మోహన్‌లాల్ నరసింహం వచ్చి కేరళని ఊపేసింది. మాస్ అంటే అదీ. ఆ మరుసటి ఏడాది, 2001లో, అదే మోహన్‌లాల్ కావాలం నారాయణ పణిక్కర్ దర్శకత్వంలో భాసుడి కర్ణభారం వేశాడు. మలయాళంలో కాదండీ, సంస్కృతంలో! 2008లో ఛాయాముఖి అనే నాటకంలో తను భీముడు, ముకేశ్ కీచకుడు. రేంజ్ ఏమైనా తగ్గిందా? ఆ తర్వాత వచ్చిన దృశ్యం (2013) మనవాళ్ళు కూడా వెంకటేశ్‌తో తీసుకున్నారు కదా.

ఇంకాస్త దూరం వెళ్తే హ్యూ జాక్‌మన్. మనలో సగంమందికి వుల్వరిన్‌గానే తెలుసు. ఎక్స్‌మెన్ రెండో భాగం వచ్చిన 2003లోనే ఆయన బ్రాడ్‌వేలో "ద బాయ్ ఫ్రం ఆజ్" అనే మ్యూజికల్‌లో ఆడి పాడాడు. వారానికి ఎనిమిది ఆటలు, రోజూ సొంత గొంతు. 2004లో టోనీ అవార్డు కొట్టాడు. 2022లో మళ్ళీ "ద మ్యూజిక్ మాన్" వేశాడు. 2024లో మళ్ళీ గోళ్ళు బయటకి తీస్తే వందకోట్ల డాలర్లు దాటింది వసూలు. స్టేజీ మీద చిందేసినందుకు గోళ్ళేమీ అరిగిపోలేదు.

"పాడలేకపోతే పరువు పోతుంది"

ఇది కొంచెం ఆలోచించాల్సిన వాదన. 2020 జూన్‌లో బాలయ్య తన అరవయ్యో పుట్టినరోజుకి "శివశంకరి" పాట సొంతంగా పాడి విడుదల చేశాడు. ఏమైందో మీకు తెలుసు. నెలరోజులు మీమ్సే మీమ్సు. 1961లో జగదేకవీరుని కథ కోసం ఘంటసాల పాడిన పాట అది. పాట వినిపించగానే చెవిలో ఘంటసాల గారు వచ్చి కూర్చుంటారు, ఎవరు పాడినా ఓడిపోవాల్సిందే. మీమ్స్ వేసినవాళ్ళని తప్పుపట్టను. కానీ ఒక్క విషయం మాత్రం గమనించండి. పాడకుండా ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అరవయ్యేళ్ళ వయసులో, అంత స్టార్‌డమ్ ఉండి, సొంత గొంతు బయటపెట్టాడు. మిగతావాళ్ళలో ఎంతమందికి ఆ ధైర్యముంది?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ప్లేబ్యాక్ వచ్చాక మన హీరోలకి గొంతు ఐచ్ఛికం అయిపోయింది. పాట ఒకరిది, డాన్సు స్టెప్పు ఒకరిది, ఫైటు ఇంకొకరిది, కొందరికి మాట కూడా ఇంకొకరిదే. మన భాషలో చెప్పాలంటే అంతా థర్డ్ పార్టీ లైబ్రరీలు. సొంత కోడ్ ఎంతో ఎవరికీ తెలీదు. పద్యనాటకం నేరుగా ప్రొడక్షన్‌లో చేసే డెప్లాయ్‌మెంట్ లాంటిది. టేక్ టూ లేదు, రోల్‌బ్యాక్ లేదు. హార్మోనియం శ్రుతి ఇచ్చింది, పద్యం ఎత్తుకున్నావు, చివర రాగం తీయాలి. ఊపిరి ఉందా లేదా అన్నది ముందువరసలో కూర్చున్నవాడికి అప్పటికప్పుడు తెలిసిపోతుంది.

దానికీ మనవాళ్ళు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. కోస్తా ఊళ్ళల్లో కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. వేరువేరు సమాజాల్లోని పేరున్న నటుల్ని ఒక రాత్రికి మాట్లాడుకుని తెచ్చి నాటకం వేయించేవాళ్ళు. ఒకే రాయబారంలో ఒక్కో రంగానికి ఒక్కో కృష్ణుడు. పడకసీనుకి ఒక కృష్ణుడు, కొలువులో రాయబారానికి ఇంకో కృష్ణుడు. పీసపాటి, షణ్ముఖి, ఎ.వి.సుబ్బారావు లాంటి వాళ్ళకి ఊరూరా అభిమానులు ఉండేవాళ్ళు. "మా కృష్ణుడు గొప్పా, మీ కృష్ణుడు గొప్పా" అన్న గొడవ కటౌట్లకంటే ముందే మనకుందన్నమాట. లోడ్ బాలెన్సింగ్ మనం ఆలస్యంగా నేర్చుకున్నాం, వాళ్ళకి అప్పుడే తెలుసు :)

కాబట్టి పాడలేని హీరో మొత్తం నాటకం మొయ్యక్కర్లేదు. ఒక రంగం తీసుకోమనండి. పది పద్యాలు కాదు, మూడు పద్యాలు. ఆరు నెలలు ఒక పద్యనటుడి దగ్గర కూర్చుని నేర్చుకోమనండి. సిక్స్‌పాక్ కోసం ఏడాది కష్టపడతారు కదా, మూడు పద్యాలకి ఆరు నెలలు ఎక్కువా?

"ఫాన్స్ గోలలో నాటకం ఏం వినిపిస్తుంది?"

నిజమే, ఈలలు వేస్తారు, కాగితాలు చల్లుతారు. కానీ పద్యనాటకం ఎప్పుడూ నిశ్శబ్దంగా చూసే కళ కాదు. పద్యం బావుంటే "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు, నటుడు యుద్ధం మధ్యలో ఆగి మళ్ళీ పాడేవాడు. చచ్చిపోయిన పాత్ర లేచి పాడి మళ్ళీ చచ్చిపోయేదని జోకులు కూడా ఉన్నాయి. తేడా ఒక్కటే. ఆ వన్స్ మోర్ పద్యం విన్నాక వచ్చేది. మన అరుపులు హీరో కారు దిగకముందే మొదలౌతాయి. వాళ్ళు చేసిన పనికి అరిచేవాళ్ళు, మనం పేరుకి అరుస్తాం. మూడుగంటలు ఒక మనిషి సొంత గొంతు వింటే మనకి కూడా ఆ తేడా తెలిసొస్తుందని నా ఆశ.

అసలైన అభ్యంతరం

ఇక నిజంగా నన్ను ఇరుకున పెట్టిన వాదన. ఇది ఫాన్స్ దగ్గర్నుంచి రాలేదు, మా టీములోనే నాటకాలంటే ప్రాణం పెట్టే ఒకాయన దగ్గర్నుంచి వచ్చింది. "మీ హీరో వస్తే హాలు నిండుతుంది బాబూ, నాటకానికి కాదు. మర్నాటి నుంచీ మళ్ళీ ఖాళీ కుర్చీలే. ముప్ఫై ఏళ్ళుగా రాగం తీస్తున్నవాడు ఆ రాత్రి హీరో పక్కన చామరం వీచే భటుడైపోతాడు. ఆ అవమానం కూడా మాకే ఎందుకు?" అన్నాడు.

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఎందుకంటే సగం నిజం. శిల్పకళావేదిక సంగతే చూడండి. సైబర్ టవర్స్‌కి ఎదురుగా, శిల్పారామం పక్కనే ఉంది. కళల పేరు పెట్టుకున్న హాలు. మనకి ఆ హాలు దేనికి గుర్తు? ఆడియో ఫంక్షన్లకి. అక్కడ మనం చూసిన హీరోలెందరు, నాటకాలెన్ని? వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పండి.

అక్కడినుంచి లింగంపల్లి వైపు ఓ పది కిలోమీటర్లు వెళ్తే సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సమాజం వాళ్ళది. తాత, మనవరాలు, కోడలు, అందరూ నటులే. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి, బాణాలు గాల్లో ఢీకొంటాయి. గ్రాఫిక్స్ లేవు, తాళ్ళూ కప్పీలూ మనుషుల చేతులూ అంతే. ఆ సమాజాన్ని దశాబ్దాలు నడిపిన నాగేశ్వరరావు గారికి, అదే సురభి బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో పోయారు. మన కాబ్‌లు రోజూ ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు వంద డాలర్లు పెట్టి లయన్ కింగ్ చూసి ఫోటో పెట్టినవాళ్ళలో సురభి నాటకం చూసినవాళ్ళెంతమంది?

కాబట్టి మా నాటకాలాయన భయం న్యాయమైనదే. అయినా వెయ్యాలనే అంటాను, ఈ షరతుల మీద.

ఒకటి, ఒక్క రాత్రి బెనిఫిట్ షో కాదు. కనీసం ఇరవై ఆటలు. మొదటి రెండు ఆటలకి ఫాన్స్ వస్తారు, అయిదో ఆటకి వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు, పదో ఆటకి నాటకం కోసం వచ్చేవాళ్ళు మొదలౌతారు.

రెండు, వెనకనుంచి ట్రాక్ పెట్టకూడదు. పెదాలు కదిపేదానికైతే సినిమానే ఉంది కదా.

మూడు, మిగతా వేషాలన్నీ, హార్మోనియం, తబలా, మేకప్, తెరలు, అన్నీ నాటక సమాజాల వాళ్ళవే. ఏ ఆట డబ్బు ఆ ఆటకి చేతిలో పెట్టాలి. శాలువా కప్పి పంపించడం కాదు.

నాలుగు, పెద్ద వేషం పద్యనటుడిది. హీరో రాయబారంలో కృష్ణుడు కాకుండా ఏ అశ్వత్థామో, వికర్ణుడో వెయ్యాలి. అప్పుడు భటుడెవరో, కృష్ణుడెవరో జనానికి తెలుస్తుంది.

"ఇవన్నీ ఏ హీరో ఒప్పుకుంటాడు?" అంటారు. ఒప్పుకున్నవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. జయప్రకాశ్ రెడ్డి గారు సినిమాల్లో విలన్‌గా, కమెడియన్‌గా తీరిక లేనంత పేరు తెచ్చుకున్నాక కూడా "అలెగ్జాండర్" నాటకాన్ని స్టేజీ మీద ఒక్కడే నడిపించారు. రెండో మనిషి లేడు. 2020లో ఆయన పోయేదాకా ఆ నాటకం పేరు చెప్తే మొహం వెలిగిపోయేది. ఆయనకి ఫాన్స్ అసోసియేషన్ లేదు కాబట్టి ఆయన రేంజ్ తగ్గుతుందని ఎవరూ బెంగపడలేదు. బహుశా అందుకే వెయ్యగలిగారేమో! హీరోల్ని స్టేజీ ఎక్కనివ్వకుండా ఆపుతున్నది వాళ్ళ భయం ఒక్కటే కాదు. వాళ్ళని కిందపడనివ్వని మన ప్రేమ కూడా. ఒకసారి తప్పు పాడే హక్కు కూడా ఇవ్వని అభిమానం అభిమానమేనా?

కాబట్టి అభిమాన సోదరులారా, ఈసారి రిలీజుకి కటౌట్ ఎత్తు ఇంకో పదడుగులు పెంచేముందు మీ హీరోని ఒక్క కోరిక కోరండి. "అన్నా, ఒక్కసారి నీ సొంత గొంతుతో మూడు పద్యాలు పాడు, తప్పు పోయినా మేం ఉన్నాం" అని. ఆయన ఒప్పుకునేలోపు, ఆయన రాకపోయినా సరే, సురభి వాళ్ళ నాటకం ఎక్కడ పడుతోందో కనుక్కుని ఒక శనివారం టికెట్ కొనుక్కుని వెళ్ళండి. పద్యం బావుంటే సిగ్గుపడకుండా వన్స్ మోర్ అని గట్టిగా అరవండి. అరవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా!